బాలు అభిమాన వికీ రచ్చబండ: జన్మస్థలం వరుస, తొలి పాట సంవత్సరం, పాటల పుస్తకాల ఆధారం

కావలి శ్రోత:

సభ్యులందరికీ నమస్కారం. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారి మీద మనం నడుపుకుంటున్న ఈ అభిమాన వికీలో, 1966 నుంచి 1975 వరకు ఆయన పాడిన తెలుగు పాటల పేజీని విస్తరించే పనిని నేను తీసుకున్నాను. సినిమా హాళ్ల దగ్గర కొని మా మేనమామ గారు దాచుకున్న పాటల పుస్తకాలు ట్రంకు పెట్టె నిండా మా ఇంట్లో ఉన్నాయి కనుక, ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాను. అయితే పని మొదలుపెట్టకముందే కొన్ని విషయాలు తేల్చుకోవలసి వచ్చింది.

ప్రధాన వ్యాసం పక్కన ముఖ్య వివరాలను చూపే సమాచారపెట్టెలో జన్మస్థలం అన్న వరుస నిలకడగా ఉండటం లేదు. పొద్దున చూస్తే నెల్లూరు అని ఉంటుంది, సాయంత్రానికి నెల్లూరు జిల్లా కోనేటమ్మపేట అవుతుంది, మర్నాటికి తమిళనాడు అని మారుతుంది. పేజీ చరితం తెరిచి చూస్తే దిద్దుబాటు సారాంశం గడి అన్నిసార్లూ ఖాళీగానే ఉంది. నా పేజీ ఉపోద్ఘాతంలో ఏ ఊరు రాయాలి? అలాగే తొలి పాట సంవత్సరం ఒకచోట 1966 అనీ, ఇంకొకచోట 1967 అనీ ఉంది. ఆయన మొత్తం నలభై వేల పాటలు పాడారన్న వాక్యాన్ని ఒకరు చేర్చారు, మరొకరు తీసివేశారు.

ఇక పాటల పుస్తకాలను ఆధారంగా చూపవచ్చా, వాటిలోని పాటలను పూర్తిగా ఎక్కించవచ్చా అన్నది కూడా చెప్పండి. ప్రస్తుతానికి నా ముసాయిదా, సభ్యులు రాసి చూసుకునే ప్రయోగశాల పేజీలోనే ఉంది. వ్యాసాలుండే ప్రధాన పేరుబరికి తరలించే ముందు పెద్దలు ఒకసారి చూస్తే సంతోషిస్తాను.

మూలాపేట:

కావలి శ్రోత గారూ, ముందుగా మీ ఓపికకు ధన్యవాదాలు. జన్మస్థలం విషయం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ వరుస మీద జరుగుతున్న లాగులాటలో పటం తెరిచి చూసినవారు తక్కువగా కనిపిస్తున్నారు.

ఆయన 1946 జూన్ 4న జన్మించారన్నది ఎక్కడా వివాదంలో లేదు. ఊరి దగ్గరకు వచ్చేసరికి ఆధారాలు రెండు దారులు పడతాయి. కొన్ని నెల్లూరు అంటాయి, కొన్ని కోనేటమ్మపేట అంటాయి. ఈ కోనేటమ్మపేట పల్లిపట్టు దగ్గరి ఊరు, నేడు తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. పల్లిపట్టు, తిరుత్తణి ప్రాంతాలు అంతకు ముందు మన చిత్తూరు జిల్లాలో ఉండేవి. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల హద్దుల తగువుకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫారసుల మేరకు సరిహద్దులు సవరించినప్పుడు 1960 ఏప్రిల్ 1న అవి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లాయి. కనుక తమిళనాడు అని రాసినవారు నేటి పటాన్ని బట్టి రాస్తున్నారు. నెల్లూరు జిల్లా కోనేటమ్మపేట అన్న రూపం మాత్రం, నా అభిప్రాయంలో, రెండు వేర్వేరు మాటలను కలిపి కుట్టిన అతుకు. అది చాలాచోట్ల కనిపిస్తుంది కాబట్టి నిజమని అనుకోవడానికి వీలు లేదు, ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయినా అలాగే వ్యాపిస్తుంది.

సమాచారపెట్టె వాదనలకు చోటు కాదు. అందులో పుట్టిన నాటి పాలనా విభాగాన్ని రాయడం మేలు, అంటే బ్రిటిషు ఇండియాలోని మద్రాసు ప్రావిన్సు. ఆ కాలానికి ఆంధ్ర రాష్ట్రమూ లేదు, తమిళనాడు అన్న పేరూ లేదు. ఊరి గురించి ఆధారాలలో ఉన్న తేడాను వ్యాసం లోపల, బాల్యం అన్న విభాగంలో, ఏ ఆధారం ఏమంటున్నదో రెండు వాక్యాలలో చెప్పి, ఒక్కొక్క వాక్యానికి దాని మూలాన్ని జోడించండి. మీ పాటల పేజీ ఉపోద్ఘాతానికి జన్మస్థలంతో నిమిత్తమే లేదు. అక్కడ ప్రధాన వ్యాసానికి ఒక లంకె ఇస్తే సరిపోతుంది.

ఇంకొక మాట అందరికీ మనవి చేస్తున్నాను. ఒకరి మార్పును రద్దు చేయవలసి వస్తే సారాంశం గడిలో కారణం రాయండి. అదే మార్పు రెండోసారి వస్తే మళ్లీ రద్దు నొక్కకుండా చర్చా పేజీకి రండి, అక్కడ నాలుగు టిల్డెలతో (~ గుర్తులతో) సంతకం చేయండి. సంతకం లేని వ్యాఖ్యకు ఎవరికి బదులివ్వాలో తెలియక నిర్వాహకులం చరితం పేజీలో తవ్వుకోవలసి వస్తున్నది.

దర్గామిట్ట:

మూలాపేట అన్నగారూ, నెల్లూరు అని రాసినవారిలో నేనూ ఒకడిని కనుక నా పక్షం కూడా చెప్పుకోనివ్వండి. ఆయన మరణించినప్పుడు, అంటే 2020 సెప్టెంబరు 25 తరువాత వచ్చిన వార్తలలో, నెల్లూరులో జన్మించారని రాసినవి చాలా ఉన్నాయి. అవి ఆధారాలు కావా? మన ఊళ్లో ఎవరిని అడిగినా బాలు నెల్లూరు మనిషే అంటారు. ఈ వికీని నడుపుతున్నవారిలో సగం మంది మన జిల్లావాళ్లమే అయి ఉండి, పెట్టెలోంచి నెల్లూరు పేరు తీసి మద్రాసు ప్రావిన్సు అని పెడితే, ఎక్కడివాడో పరాయివాడి పేజీ చదువుతున్నట్టు ఉంటుంది. బయటినుంచి వచ్చిన పాఠకుడు పెట్టె ఒక్కటే చూసి వెళ్లిపోతాడన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మూలాపేట:

తమ్ముడూ, పెట్టె మాత్రమే చూసి వెళ్లిపోయే పాఠకుడి గురించి మీరన్నది నిజమే, అందుకే ఆ పెట్టెలో వివాదం లేని సంగతులు మాత్రమే ఉండాలంటున్నాను. వార్తలు ఆధారాలే. వాటిని బాల్యం విభాగంలో తప్పక చూపుదాం. కానీ ఊళ్లో అందరూ అంటారన్న మాటను మూలంగా చూపలేము, అది నేను అన్నా అంతే.

నెల్లూరుతో ఆయన బంధానికి జన్మస్థలం వరుస ఒక్కటే ఆనవాలు కాదు. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020 ఫిబ్రవరిలో ఆయన వేద పాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి అప్పగించారు. అదే ఏడాది నవంబరులో నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. ఈ రెండింటికీ మన వికీలో పేజీలు లేవు, ప్రధాన వ్యాసంలో ఎర్ర లంకెలుగా పడి ఉన్నాయి. మీరు ఊళ్లోనే ఉన్నారు కదా, ఒక ఆదివారం వెళ్లి రెండు భవనాల ముఖద్వారాలనూ వీధిలోంచి మీ ఫోనుతో తీసి, మీ సొంత ఫొటోలని ప్రకటించి, స్వేచ్ఛా లైసెన్సుతో ఎక్కించగలరా? పాఠశాల పేజీకి మాత్రం పాత పేరు నుంచి దారిమార్పు ఇవ్వడం మరచిపోకండి. 2020కి ముందు వచ్చిన వ్యాసాలు చదివినవారు పాత పేరుతోనే వెతుకుతారు.

ఒంగోలు రికార్డుల పెట్టె:

తొలి పాట సంవత్సరం గురించి నేను చెబుతాను. 1966, 1967 రెండూ సరైనవే, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న చిత్రానికి ఆయన పాట రికార్డయినది 1966 డిసెంబరు 15న, ఆ చిత్రం విడుదలైనది 1967లో. పట్టికలో సంవత్సరం అని ఒకటే నిలువు వరుస పెట్టినంత కాలం ఈ తగువు తీరదు. రికార్డింగు తేదీ తెలిసిన పాటలు చాలా కొద్ది కాబట్టి దానిని ప్రత్యేక వరుసగా పెడితే పేజీ అంతా ఖాళీ గళ్లే కనిపిస్తాయి. వరుసకు చిత్రం విడుదల అని స్పష్టంగా శీర్షిక పెట్టి, రికార్డింగు తేదీ తెలిసినచోట వివరాలు అన్న చివరి గడిలో రాయండి.

పురస్కారాల పట్టికలోనూ ఇదే చిక్కు పొంచి ఉంది. ఆయనకు ఉత్తమ నేపథ్య గాయకుడిగా జాతీయ పురస్కారం ఆరుసార్లు, తెలుగు, హిందీ, కన్నడ, తమిళం అనే నాలుగు భాషలలోని పాటలకు వచ్చింది. అందులో మొదటిది శంకరాభరణానికి. ఆ చిత్రం ప్రేక్షకుల ముందుకు వచ్చినది 1980 ఫిబ్రవరిలో, పురస్కారం మాత్రం 1979వ సంవత్సరానికి లెక్క. జాతీయ పురస్కారాలకు సెన్సారు ధ్రువపత్రం పొందిన సంవత్సరమే ప్రమాణం కనుక ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఇది తెలియని సభ్యులు 1979ని 1980 చేస్తూ పోతుంటారు. పట్టిక కింద ఒక్క వాక్యం వివరణ ఉంచితే ఆ బాధ తప్పుతుంది.

నలభై వేల పాటల వాక్యాన్ని పూర్తిగా తీసివేయడం నాకు సమ్మతం కాదు, అలాగని మనమే లెక్కపెట్టి తేల్చినట్లు రాయడం కూడా సమ్మతం కాదు. అంతకు పైగా పాడారని విరివిగా ప్రచురితమైన మాట అది. ఎవరు రాశారో చెప్పి రాయండి. ఒకే బాణీ తెలుగులోనూ తమిళంలోనూ వస్తే ఒకటిగా లెక్కించాలా, రెండుగానా, సినిమా పాటలకు భక్తి గీతాలను కలపాలా అన్నదానిని బట్టే మొత్తం మారిపోతుంది. మన పట్టికలో ఉన్నవి ఎన్నో ఆ పేజీలోనే కనిపిస్తాయి, దానితో నలభై వేలను పోల్చి ఎవరూ గుండెలు బాదుకోనక్కరలేదు.

ఇక అమ్మా, మీ ట్రంకు పెట్టె సంగతి వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. పాటల పుస్తకం మంచి ఆధారమే, అయితే అది దేనికి సాక్ష్యమో, దేనికి కాదో తెలుసుకొని వాడాలి. లోపలి మొదటి పుటలో నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లు, తరువాత కథను సగం దాకా నడిపి మిగతాది వెండితెర మీద చూడమని వదిలేసే కథా సంగ్రహం, ఆ వెనుక పాటలు వస్తాయి. పాట నెత్తిన రచన, గానం అని విడివిడిగా వేసిన పుస్తకమైతే గాయకుడి పేరుకు దానిని నిశ్చింతగా చూపవచ్చు. కొన్నింటిలో మాత్రం మొదటి పుటలోనే నేపథ్యగానం అని అందరి పేర్లూ గుత్తగా వేసి ఊరుకుంటారు. అటువంటి పుస్తకంతో ఆయన ఆ చిత్రానికి పాడారని మాత్రమే చెప్పగలం, ఫలానా పాట పాడారని చెప్పలేము. పైగా ఈ పుస్తకాలు చిత్రం విడుదలకు ముందే అచ్చయి హాళ్లకు చేరేవి కనుక, చివరి నిమిషంలో కత్తిరించిన పాట కూడా అందులో ఉండవచ్చు.

అటువంటి సందేహం వచ్చినచోట రికార్డు చూడాలి. లేబులు మీద చిత్రం పేరు, పాట మొదటి మాటలు, గాయకుల పేర్లు ఉంటాయి. రికార్డు మీది పాట గాడులు ముగిసి లేబులు మొదలయ్యే నున్నటి జాగాలో చెక్కిన అంకెలు కూడా ఉంటాయి. వాటిని ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే నల్లని మెరుపు తప్ప మరేమీ పడదు. రికార్డును కిటికీ దగ్గర పెట్టి, వెలుగు పక్కనుంచి వాలుగా పడేటట్లు తిప్పితే అంకెలు పైకి తేలుతాయి. నా దగ్గర ఉన్న రికార్డుల వివరాలు మీరు ఏ పాటకు అడిగితే ఆ పాటకు చర్చా పేజీలో రాసిపెడతాను.

కందుకూరు మాస్టారు:

పాటలను పూర్తిగా ఎక్కించడం గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక నేను అందుకుంటున్నాను. చేయకూడదమ్మా. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సాహిత్య రచన మీద హక్కు రచయిత జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ ఉంటుంది. ఆ 60 ఏళ్లను మరణించిన తేదీ నుంచి కాక మరుసటి సంవత్సరం మొదటి రోజు నుంచి లెక్కించాలి. మన ప్రాంతానికే చెందిన ఆచార్య ఆత్రేయ 1989 సెప్టెంబరు 13న మరణించారు. ఆయన రాసిన పాటలకు ఆ గడువు 2049 డిసెంబరు 31న గాని తీరదు. పుస్తకం పాతది కావడం, మీ మేనమామ గారు డబ్బులిచ్చి కొనడం, ఆ నిర్మాణ సంస్థ ఇప్పుడు లేకపోవడం, వీటిలో ఏదీ మనకు ఆ హక్కును ఇవ్వదు. పాటను గుర్తించడానికి పల్లవి మొదటి పంక్తి ఇవ్వండి. సాహిత్యాన్ని గురించి విమర్శగా చర్చిస్తున్నప్పుడు, ఆ చర్చకు అవసరమైన ఒకటి రెండు పంక్తులు ఉదాహరించడానికి చట్టమే వీలు కల్పించింది. పుస్తకాన్ని పుటలు పుటలుగా స్కాన్ చేసి పెట్టడం మాత్రం వద్దు.

జన్మస్థలం చర్చ చదువుతుంటే, జిల్లాల పేర్ల విషయంలో మరొక సంగతి తట్టింది. మా కందుకూరునే తీసుకోండి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా నెల్లూరు జిల్లాలో ఉన్నాము. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న మమ్మల్ని మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిపారు. ఇల్లు కదలలేదు, చిరునామా మాత్రం తిరుగుతూనే ఉంది. అదే రోజున గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ఆత్రేయ పుట్టిన మంగళంపాడు సూళ్లూరుపేట దగ్గరిదే కనుక, మన వికీలోని గేయ రచయితల పేజీలో ఆయన జిల్లాను ఇప్పటికే ఒకరు మార్చారు, మరొకరు వెనక్కి తిప్పారు. బాలు గారు యువకుడిగా పాటల పోటీలో పాడిన గూడూరు విషయంలోనూ ఇదే జరగబోతోంది. ఆనాటి సంఘటన చెప్పేటప్పుడు ఆనాటి జిల్లా పేరే రాయాలి. తిరుపతి జిల్లా గూడూరులో ఆయన పాడారని రాస్తే చదివేవారు నవ్విపోతారు.

నా సూచన ఏమిటంటే, వ్యక్తుల పేజీలలో నేటి జిల్లా పేరును ఎక్కడా నేరుగా రాయవద్దు. ఊరి పేరు రాసి ఊరి పేజీకి లంకె ఇవ్వండి. ఆ ఊరు ఏ ఏ సంవత్సరాలలో ఏ జిల్లాలో ఉండేదో ఊరి పేజీలో ఒక్కచోట ఉంటుంది. ఇందుకు ఒక మూస తయారు చేస్తాను. రేపు మళ్లీ హద్దులు మారినా ఆ ఒక్కచోట సరిచేస్తే అన్ని పేజీలలోనూ దానంతట అదే సరిపోతుంది. మార్పులు వచ్చినప్పుడల్లా నలభై పేజీలు తెరిచి దిద్దే ఓపిక ఈ వయసులో నాకు లేదు, పిల్లలకు తీరిక లేదు.

కావలి శ్రోత:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, పాటలు పూర్తిగా ఎక్కించే ఆలోచన మానుకున్నాను. పట్టిక శీర్షికలను ఒంగోలు వారు చెప్పినట్లు మార్చాను. ఉపోద్ఘాతంలో మొదటి వాక్యం ఇలా రాశాను, దయచేసి చూడండి: "అమృతగానంతో తెలుగు జాతిని ఉర్రూతలూగించిన బాలు గారు 1966లో సినీ వినీలాకాశంలో ధ్రువతారగా ఉదయించి, గురుతుల్యులైన కోదండపాణి గారి ఆశీస్సులతో తొలి పాటతోనే శ్రోతల హృదయాలను కొల్లగొట్టారు." అభిమానుల వికీయే కదా, ఈ మాత్రం ఉండవచ్చునా?

మూలాపేట:

మీ అభిమానంలో మాకూ వాటా ఉంది కనుక మొహమాటం లేకుండా చెబుతాను. ఈ వాక్యంలో పేర్లు తీసేసి ఏ గాయకుడి పేరు పెట్టినా అతుకుతుంది. మీరు కష్టపడి సంపాదించిన తేదీ, తోటి గాయకుల పేర్లు మాత్రం ఇందులో ఎక్కడా లేవు. చర్చా పేజీలలో ఎన్నిసార్లైనా గారు అనుకుందాం, వ్యాసంలో మాత్రం గౌరవ వాచకం ఎవరికీ వాడటం లేదు. మీ ప్రయోగశాలలో ఇలా మార్చి ఉంచాను, నచ్చకపోతే చరితంలోంచి వెనక్కి తీసుకోండి:

"ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం తొలి సినిమా పాట ఎస్.పి.కోదండపాణి సంగీత దర్శకత్వంలో 1966 డిసెంబరు 15న రికార్డయింది. పి.సుశీల, పి.బి.శ్రీనివాస్, కె.రఘురామయ్య ఆ పాటలో ఆయనతో కలిసి పాడారు. శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న అనే ఆ చిత్రం 1967లో విడుదలైంది. తరువాతి కాలంలో తాను నెలకొల్పిన రికార్డింగు థియేటరుకు ఆయన కోదండపాణి పేరు పెట్టుకున్నారు."

గురుతుల్యులు అన్న విశేషణం చేయవలసిన పనిని ఆ చివరి వాక్యం చేస్తుందని నా నమ్మకం. దానికి మాత్రం మూలం జోడించడం ఇంకా మిగిలి ఉంది.

దర్గామిట్ట:

ఆ మూలం నేను వెతికి పెడతాను. తిప్పరాజువారి వీధికి ఈ ఆదివారం వెళ్తున్నాను, ఎండ ముదిరితే గోడ మీద నీడలు పడతాయి కాబట్టి పొద్దున్నే తీస్తాను. జన్మస్థలం వరుసను ఇక నేను ముట్టుకోను, కానీ బాల్యం విభాగంలో నెల్లూరు వాక్యమే ముందు రావాలని చర్చా పేజీలో అడిగాను.

ఒంగోలు రికార్డుల పెట్టె:

ముందా వెనుకా అన్నది అక్కడే తేల్చుకుందాం. కావలి శ్రోత గారూ, మీ పెట్టెలో 1967, 1968 నాటి పుస్తకాలు ఉంటే మొదట వాటినే తీయండి. వెనుక అట్ట అడుగున ముద్రణాలయం పేరు, ఒక్కొక్కసారి సంవత్సరమూ చిన్న అక్షరాలతో ఉంటాయి. మూలంగా ఇచ్చేటప్పుడు వాటిని కూడా రాయాలి. మడతల దగ్గర కాగితం పెళుసెక్కి ఉంటుంది, పూర్తిగా విప్పి స్కానరు మీద అదమకుండా పై నుంచి ఫొటో తీసి చూసుకోండి.